మోకు పట్టే చెయ్యి

వంటింటి తూములోకి పోయిన నీళ్ళు వెనక్కి తిరిగి రావడం ఆ శుక్రవారం పొద్దున మొదలైంది.

మదార్బీ కబ్సా కోసం బియ్యం కడిగి ఆ కడుగునీళ్ళు సింకులో వంచింది. అవి గుడగుడమంటూ దిగి, కాసేపు ఆగి, ఆమె కాళ్ళ దగ్గరున్న తూము జాలీలోంచి నల్లగా పైకి వచ్చాయి. వాటితో పాటు ముక్కు మండించే వాసన. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత గబగబా జాలీ మీద గోనెపట్టా మడిచి వేసి, దాని మీద నూనె డబ్బా ఎత్తిపెట్టింది. మురుగునీళ్ళు నూనె డబ్బాకి భయపడతాయా ఎక్కడైనా. పట్టా అంచులు తడుపుకుంటూ వచ్చి ఫ్రిజ్ కిందికి దారి చూసుకున్నాయి.

ఆమెకి మొదట భయమేసింది మేడంని తలచుకుని. ఈ ఇంట్లో ఏది చెడినా ముందు మదార్బీ వైపు చూడటం అలవాటు. మేడం చెడ్డ మనిషి కాదు. జ్వరమొస్తే మాత్ర ఇస్తుంది, పండక్కి కొత్త బట్ట ఇస్తుంది. అయినా వంటింటి గడప దగ్గరికి వచ్చి, అబాయా అంచు పైకెత్తి పట్టుకుని, మొదట అడిగిన మాట ఒక్కటే. "అన్నం తూములో పోశావా?"

"లేదు మేడం. వల్లాహి లేదు," అంది మదార్బీ.

"మరి నీళ్ళు ఎందుకొస్తున్నాయి?"

ఎందుకొస్తున్నాయో మదార్బీకి తెలుసు. ఆ వీధిలో అందరికీ తెలుసు. సౌదీలోని హుఫూఫ్ శివార్లలో ఖర్జూరం తోట కొట్టేసి ప్లాట్లు వేసి అమ్మినాయన ఇళ్ళు కట్టించాడు, రోడ్డు వేయించాడు, దీపాలు పెట్టించాడు. మురుగు లైను మాత్రం సర్కారు వేస్తుందిలే అని వదిలేశాడు. అందాకా సర్దుకోమని రెండేసి ఇళ్ళకి ఒక గుంత తవ్వించాడు. ఇక్కడ దాన్ని బయ్యారా అంటారు. ఆయన ఇప్పుడు ఎక్కడో హాయిల్ అనే ఊళ్ళో వేరే ప్లాట్లు అమ్ముకుంటున్నాడట. గుంత ఇక్కడే ఉండిపోయింది.

దానికి దగ్గరగా బతికేది మదార్బీ. పెరట్లో ప్రహరీగోడకి ఆనించి కట్టిన రేకుల గది ఆమెది. గుంత సగం ఆ గది ముందరి పెరటి కింద, సగం గోడ అవతలి సందు కింద. ఇనపరింగు ఉన్న మూత మాత్రం సందులో ఉంది. ఈ మధ్య ఆమె గడప ముందరి బండల్లో ఒక పగులు కనిపిస్తోంది. పొద్దున నమాజుకి లేచి కాలు బయట పెడితే చాలు, బండ కింద బోలుగా చప్పుడు. అప్పట్నుంచీ ఆమె గోడ పట్టుకుని, పగులు దాటి, చాచి అడుగు వేస్తోంది. ఆ మాట మేడంతో రెండుసార్లు చెప్పింది. మేడం బాబాతో చెప్పింది. బాబా అంటే ఇంటి యజమాని, మదార్బీ వీసా చేతిలో ఉన్న కఫీల్. ఆయన వచ్చి, చెప్పు కాలితో బండని తట్టి చూసి, "కొత్త లైను వస్తోందిగా," అన్నాడు.

కొత్త లైను వచ్చింది. పెద్దరోడ్డు మీదిదాకా వచ్చి అక్కడ ఆగింది.

మదార్బీకి ఇప్పుడు ఏ గొడవా రాకూడదు. రాయచోటిలో కూతురు షబానాకి నెలలు నిండాయి. తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టరమ్మ చెప్పిందట. ఆ పిల్ల ఫోన్లో ఏడవదు. "నువ్వొస్తావా మా?" అని అడిగి ఊరుకుంటుంది, అంతే. ఆ ఊరుకోవడం మదార్బీని తినేస్తోంది. సెలవు మీద పోయి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ కావాలి. అది బాబా తన ఫోన్లో నొక్కాలి. ఆయన కాదనలేదు. "ఈ వారం చూద్దాం," అన్నాడు. ఆ వారంలోనే తూము ఎదురు తిరిగింది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక పసుపురంగు ట్యాంకరు సందులోకి వచ్చి ఆగింది. దాన్ని తోలేది అల్లాబకాష్. చిన్నమండెం మనిషి. బక్కపలుచగా, ఎండకి కమిలిపోయి ఉంటాడు. ఈ వీధి గుంతలన్నీ తోడేది అతనే. మొదటిసారి వచ్చినప్పుడు గొట్టం లాగుతూ తెలుగులో తనలో తాను తిట్టుకుంటుంటే గోడ ఇవతలనుంచి మదార్బీకి నవ్వొచ్చింది. అట్లా పరిచయం. వచ్చినప్పుడల్లా ఆమె పక్క గేటు కొంచెం తెరిచి ఫ్లాస్కూ గ్లాసూ బయట పెడుతుంది. అతను టీ తాగి, గ్లాసు ఇసకతో రుద్ది, కడిగి బోర్లిస్తాడు.

ఆ రోజు టీ ముట్టలేదు. మూత తీసి, గొట్టం వేసి, పంపు నడిపి, ఆపాడు. పొడుగాటి ఇనపకడ్డీ లోపలికి పోటు పొడిచి చూశాడు. ఠంగుమని చప్పుడైంది. మళ్ళీ పొడిచాడు.

"అక్కా, అడుగంతా గట్టిపడిపోయింది," అన్నాడు గేటు దగ్గరికి వచ్చి. "నేల నీళ్ళు తాగడంల్యా. నేను పైపైన పీక్కోని పోతా. పొద్దన్నకి మళ్ళా నిండుకుంటాది."

"అయితే ఏం జేయాల?"

"పెద్దరోడ్డు లైనుకు కలపాల. ల్యాకుంటే..." అతను కడ్డీని ఇసకలో గుచ్చి తుడిచాడు. "ల్యాకుంటే మనిసి దిగి గీకాల."

ఆ మాట అంటున్నప్పుడు అతను మూత వైపు చూడలేదు. అవతలి గోడ మీద పడిన ఎండవైపు చూశాడు.

"దిగితే ఏమైతాది?" మదార్బీ తెలిసే అడిగింది.

"మొన్న ఆ పక్క కాలనీలో ఇద్దరు దిగినారక్కా. ఒకడు దిగి పలకలేదంట. వాన్ని తీద్దామని ఇంకోడు దిగినాడు. కేకేసే టైముగూడా ఇయ్యదంట ఆ గాలి. నిద్రొచ్చినోడి మాదిరి కూలబడిపోతాడంట మనిసి." అతను గొట్టం చుట్టడం మొదలుపెట్టాడు. "ఇద్దరూ మన దేశపోళ్ళే."

మదార్బీ గేటు మూసింది. లోపలికి పోతూ తన గది ముందరి పగులు చూసింది. ఇన్ని రోజులూ దాని మీంచి దాటి ఆ గదిలో పడుకుంటున్నందుకు ఒళ్ళు జలదరించింది.

మర్నాడు పొద్దునకి అల్లాబకాష్ అన్నట్టే అయింది. ఈసారి పై బాత్రూముల్లోనూ నీళ్ళు పైకొచ్చాయి. మదార్బీ వైపరుతో నెట్టి, బకెట్లకి ఎత్తి, పెరట్లో చెట్ల మొదళ్ళలో పోసింది. అంట్లు తోమిన నీళ్ళు కూడా సింకులో వంచకుండా టబ్బుల్లో పట్టి బయటికి మోసింది. నడుం పట్టేసింది. మేడం ముక్కుకి గుడ్డ కట్టుకుని పుట్టింటికి పోయింది.

సాయంత్రం ఎండ తగ్గాక పెద్దమనుషులు సందులో చేరారు. బాబా కుర్చీలు వేయించాడు. మదార్బీ వాళ్ళు తాగే కాఫీ, గహ్వా కాచి, ఖర్జూరాల పళ్ళెంతో సహా పక్క గేటు దగ్గర స్టూలు మీద పెట్టి, కప్పులు ఖాళీ అయినప్పుడల్లా నింపుతూ గోడ చాటున నిలబడింది. అరబ్బీ ఆమె రాయలేదు, చదవలేదు. విన్నది మాత్రం పొల్లుపోదు.

అవతల గోడ ఇల్లు అబూ నాసర్‌ది. చేతిలో తస్బీహ్ పూసలు తిరుగుతూనే ఉంటాయి, మాట మెత్తన. ఆయన ఇంటి గొట్టం కూడా ఇదే గుంతలోకి వస్తుంది. మూడో మనిషి లైను వేసే కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు. మెడలో కార్డు, బూట్లకి సున్నం.

"నా పని పెద్దరోడ్డు దాకే," అన్నాడు ఇంజనీరు. "రోడ్డు నుంచి ఇంటి దాకా ఇంటివాళ్ళు చూసుకోవాలి. ఈ గుంత మాది అని ఎవరో ఒకరు ముందుకొస్తే దాన్ని పూడ్చి లైనుకి కలిపే పని మొదలవుతుంది."

"మూత ఎక్కడుంది?" అన్నాడు బాబా. "సందులో. సందు ఎవరిది? సర్కారుది. సర్కారు నేలలో ఉన్నది నాదెలా అవుతుంది?"

"మూత సందులో ఉన్నా కడుపంతా మీ పెరటి కిందే కదా అబూ ఫహద్," అన్నాడు అబూ నాసర్ బాబా వైపు తిరిగి, పూసలు తిప్పుతూ. "నా గొట్టం వచ్చి పడుతుంది, నిజమే. గొట్టం నాది. గుంత నాది కాదు."

"తవ్వింది ప్లాట్లు అమ్మినాయన."

"ఆయన హాయిల్లో ఉన్నాడు."

"అయితే సర్కారే చేయాలి."

"సర్కారు లైను వేసింది కదా," అన్నాడు ఇంజనీరు.

ముగ్గురూ మర్యాదస్తులే. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రాలేదు. ఎవరి న్యాయం వారి దగ్గర సిద్ధంగా ఉంది, ఏ న్యాయమూ తప్పులా వినిపించలేదు. వాళ్ళు గహ్వా తాగుతున్నంతసేపూ వాళ్ళ కాళ్ళ కింద గుంత నిండుతూనే ఉంది. ఇక చాలని కప్పులు ఊపేసరికి అది ఎవరిదీ కాకుండా పోయింది.

"ఇంత రభస ఎందుకు," అన్నాడు అబూ నాసర్ చివరికి, లేస్తూ. "ఒక మనిషిని దింపి అడుగు గీకిస్తే నేల మళ్ళీ నీళ్ళు తాగుతుంది. ఏడాది గడిచిపోతుంది. అప్పటికి ఏదో ఒకటి తేలుతుంది."

ఇంజనీరు బూట్ల వైపు చూసుకుని, "మనిషిని దింపడం మంచిది కాదు," అని నెమ్మదిగా అన్నాడు. "అది నా పరిధి కాదు," అని కూడా అన్నాడు. ఆ రెండో మాట అందరికీ బాగా వినిపించింది.

రాత్రి అంట్లు తోముతుంటే బాబా పిలిచాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

"ఆ ట్యాంకరు అతను మీ ఊరివాడే కదా?"

"దగ్గర ఊరు బాబా."

"వాళ్ళ కంపెనీ ముదీర్‌తో మాట్లాడాను. అతను దిగమన్నాడు. కానీ వీడు గునుస్తున్నాడట. నువ్వు నీ భాషలో చెప్పు, వింటాడు." జేబులోంచి ఫోను తీసి, అందులో ఆమె ఫొటో ఉన్న పేజీ తెరిచి చూపించాడు. ఆకుపచ్చగా ఉంది. "ఈ పని అయిపోతే నీ సెలవు నొక్కేస్తాను. నీ కూతురు దగ్గరికి పో."

ఆ ఆకుపచ్చ వెలుగు మదార్బీ కళ్ళల్లో పడింది. "సరే బాబా," అంది. అన్నది తనేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

మర్నాడు అల్లాబకాష్ వచ్చేసరికి ఆమె ఫ్లాస్కు గేటు బయట పెట్టి, తలుపు మూయకుండా నిలబడింది. ఏం చెప్పాలో వంట చేస్తూ పొద్దున్నుంచీ కూడబలుక్కుంది. ఉల్లిపాయలు తరుగుతూ ఒకలా, మాంసం కడుగుతూ ఇంకోలా. తీరా మనిషి ఎదురుగా నిలబడేసరికి కూడబలుక్కున్నదంతా ఎటో పోయింది.

"నాయనా, నిన్ను దిగమంటాండారు," అంది.

"తెలుసు. మా ముదీరు చెప్పినాడు. దిగకుంటే బండి తాళం చెవి ఇచ్చేసి పొమ్మన్నాడు." అతను గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎండలో చలికి పట్టుకున్నట్టు. "నువ్వేమంటావక్కా?"

ఆ ప్రశ్న ఆమె అనుకోనిది. తను చెప్పాలని వచ్చింది, అతను అడుగుతాడని కాదు. షబానా కళ్ళ ముందు మెదిలింది. ఆసుపత్రి వరండాలో ఒంటరిగా, పొట్ట పట్టుకుని. మదార్బీ చున్నీ అంచుతో మూతి తుడుచుకుంది.

"పైపైన తోడేసినాక గాలి పోతాదంటాండారు గదా," అంది. అలా ఎవరూ అనలేదు. "నిమ్మళంగా దిగి, రెండు పారలు గీకి వచ్చేస్తే..."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. అబద్ధం తెలిసిపోయిందనుకుంది. తెలిసిపోతే బాగుండుననీ అనుకుంది. అతను తల ఊపాడు.

"నువ్వే చెప్తాండావంటే సరేలే. రేపు ఎండెక్కకముందే దిగుతా." గ్లాసు ఇసకతో రుద్దుతూ ఆగాడు. "ఒక్కటి కనుక్కో అక్కా. మోకు ఎవురు పడతారో."

మోకంటే దిగేవాడి నడుముకి కట్టే తాడు. ఆ మాట విని ఎన్నాళ్ళయింది.

"మా నాయన బాయిలు పూడిక దీసేటోడు," అన్నాడు అల్లాబకాష్. "బాయి గలాయన మోకు పడితేనే దిగేటోడు. ఎంతమంది కూలోళ్ళన్నా వెనక పట్టుకోనీ, మొదటి చెయ్యి ఆయనది. దిగేదా అని మూడుసార్లు అడిగేటోడు. దిగు అంటే దిగడం, వద్దంటే పైకొచ్చి కూర్చోడం."

"మాపక్కా అంతే," అంది మదార్బీ. "మోకు పట్టినోళ్ళదే మాట."

"ఇది ఆ ఊరు గాదని నాకూ తెలుసులే. అయినా అట్ల ల్యాకుండా నా కాలు లోపలికి పోదు." గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా ఆమె చేతుల్లో పని నిలవలేదు. పాలు పొంగబెట్టింది. ఉప్పు రెండుసార్లు వేసింది. షబానా ఫోను చేస్తే, "వస్తా తల్లీ, పనైపోతానే వస్తా," అని చెప్పి, ఏ పనో తలచుకుని నోరు చేదై, ఫోను పెట్టేసింది.

పొద్దున మూత తీసేసరికి ఎండ ఇంకా గోడల పైనే ఉంది. అల్లాబకాష్ నీళ్ళన్నీ తోడేశాడు. గుంత నోట్లోంచి వాసన రావడం తగ్గిందని బాబా సంతోషించాడు. వాసన ఉన్నప్పుడే నయమనిపించింది మదార్బీకి. ఇప్పుడు ఏముందో తెలియడం లేదు.

అబూ నాసర్ తన గేటు ముందు నిలబడ్డాడు. ఇంజనీరు కూడా వచ్చాడు. చూసి పోదామని వచ్చానన్నాడు. బాబా తన పికప్ లోంచి గుడారాలు కట్టే తాడు తెచ్చాడు. లావుపాటిది, కొత్తది. అల్లాబకాష్ చొక్కా విప్పి, తడి తువ్వాలు ముక్కుకి చుట్టుకుని, తాడు ఒక కొస నడుముకి కట్టుకున్నాడు. మొదటి ముడి జారిపోయింది. మళ్ళీ వేశాడు. తర్వాత రెండో కొస చేత్తో పట్టుకుని, ఎవరికీ ఇవ్వకుండా, మదార్బీ వైపు చూశాడు. అడుగు అన్నట్టు.

ఆమె గేటు దాటి సందులోకి వచ్చింది. పెద్దమనుషుల మధ్యకి అలా రావడం ఆమెకి అదే మొదలు.

"బాబా," అంది తనకొచ్చిన అరబ్బీలో. "మా దేశంలో పద్ధతి. గుంత ఎవరిదో ఆయన తాడు పట్టాలి. పట్టకపోతే ఇతను దిగడు."

"ఎవరు పట్టుకుంటే ఏం," అని బాబా చెయ్యి చాచాడు. నిజంగానే చాచాడు. తాడు కొస ఆయన వేళ్ళకి తగిలింది కూడా.

"ఆలోచించుకో అబూ ఫహద్," అన్నాడు అబూ నాసర్ మెత్తగా. "పట్టుకుంటే నీదని ఒప్పుకున్నట్టే. రేపు ఏదైనా అయితే అడిగేది నిన్నే."

బాబా చెయ్యి గాలిలో ఆగింది. ఆ చేత్తోనే తలమీది గుత్రా సర్దుకున్నాడు. "అయితే నువ్వు పట్టుకో. నీ గొట్టం కూడా ఉందిగా."

అబూ నాసర్ తస్బీహ్ రెండో చేతిలోకి మార్చుకున్నాడు. ఇప్పుడు ఏ చెయ్యీ ఖాళీ లేదన్నట్టు రెండూ పొట్ట మీద కట్టుకున్నాడు. ఇంజనీరుని ఎవరూ అడగకముందే అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. తాడు కొస అల్లాబకాష్ చేతిలోనే వేలాడుతూ ఉండిపోయింది. ఇంతమంది పెద్దవాళ్ళు ఒక తాడు ముక్కకి ఇంత భయపడటం మదార్బీ ఎప్పుడూ చూడలేదు. దిగేవాడు మాత్రం దిగాలి.

"మదార్బీ," అన్నాడు బాబా. విసుగు దాచుకోలేదు. "నువ్వే పట్టుకో. ఇద్దరిదీ ఒకే చోటు. ఊఁ, తొందరగా."

తాడు ఆమె చేతికి వచ్చింది.

గరుకుగా, బరువుగా ఉంది. ఆమె మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుంది. చిన్నప్పుడు బావుల దగ్గర చూసినట్టే. అల్లాబకాష్ గుంత అంచున కూర్చుని ఒక కాలు లోపలికి వేశాడు. తువ్వాలు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"దిగేదా అక్కా?"

తాను చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. గాలి పోతాదంట అని ఎవరూ అనని మాట. ఆ మాట నమ్మే ఈ పిల్లాడు ఇక్కడ కూర్చున్నాడు. బాబా చేతిలో ఫోను ఉంది. ఒక్క మాట అంటే చాలు. దిగు. రెండక్షరాలు. కూతురు దగ్గర ఉండొచ్చు, బిడ్డని చేతుల్లోకి తీసుకోవచ్చు.

రెండో కాలు కూడా లోపలికి వేశాడు. చేతులు అంచు మీద ఆన్చాడు.

"దిగేదా?"

బిడ్డని ఎత్తుకునేది ఈ చేతులతోనే కదా అనుకుంది. తాడు బిగిసి, తర్వాత వదులైతే తెలిసేది మొదట ఈ చేతులకే. ఆ వదులు ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసిపోయినట్టయింది. ఇంత భయం ఆమె బతుకులో ఎరగదు.

"దిగేదా అక్కా?" మూడోసారి అతని గొంతు పిల్లవాడి గొంతులా ఉంది.

"వద్దు," అంది మదార్బీ.

అతను కదల్లేదు. విన్నాడో లేదో అని ఆమె తాడు తనవైపు లాగింది. "వద్దు నాయనా. మోకు నా చేతిలో ఉండాది. నేను వద్దంటాండా. పైకి రా."

అల్లాబకాష్ కాళ్ళు పైకి తీసుకుని, ఇసకలో మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుండిపోయాడు. తువ్వాలు తీయకుండానే ఏడ్చాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఎవరూ అతని వైపు చూడలేదు.

"ఏమంటోంది?" అన్నాడు అబూ నాసర్.

మదార్బీ బాబా వైపు తిరిగింది. కళ్ళెత్తి ఆయన ముఖంలోకి చూడటం ఆమెకి అలవాటు లేదు. గుత్రా అంచు దాకే చూసి మాట్లాడింది. "తాడు మీరు పట్టలేదు. ఆయన పట్టలేదు. నేను పట్టాను. అయితే గుంత నాది. నేను వద్దన్నాను."

ఇంజనీరు దగ్గాడు. మదార్బీ అల్లాబకాష్ నడుము ముడి విప్పి, తాడు మోచేతి చుట్టూ వరసగా చుట్టుకుని, గేటులోంచి లోపలికి వచ్చేసింది. గదిలోకి వచ్చాక గానీ ఆమెకి తెలియలేదు, పగులు దాటకుండా దాని మీదే కాలు వేసి వచ్చానని.

ఆ సాయంత్రం ఆమె ఫోనుకి మెసేజి వచ్చింది. అరబ్బీ అక్షరాలు, ఆకుపచ్చ గుర్తు. గుర్తు చూసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. బాబా మంచివాడే, కోపం పోగానే నొక్కాడనుకుంది. దాన్ని అల్లాబకాష్‌కి పంపించింది. అతను వెంటనే ఫోను చేశాడు.

"అక్కా, ఇది రీఎంట్రీ గాదు," అన్నాడు. "ఫైనల్ ఎగ్జిట్."

పోవచ్చు. తిరిగి రాకూడదు. ఈ ఇల్లు, ఈ జీతం, షబానా ఆసుపత్రికి, వచ్చే బిడ్డకి ఆమె వేసుకున్న లెక్కలన్నీ ఆ ఆకుపచ్చ గుర్తు కింద ముగిసిపోయాయి. మదార్బీ మంచం పట్టె మీద కూర్చుని, "సర్లే నాయనా," అంది.

తర్వాతి రోజుల్లో గుంత నిండి అబూ నాసర్ మజ్లిస్ గదిలోని తివాచీల దాకా వెళ్ళింది. తివాచీలు తడిసేసరికి న్యాయాలు మెత్తబడ్డాయి. ఇద్దరూ కలిసి ఇంజనీరు దగ్గరికి పోయి గుంత మా ఇద్దరిదీ అని ఒప్పుకున్నారట. పెద్ద యంత్రం సందులోకి వచ్చింది. మేడం తిరిగొచ్చి, మదార్బీని పెరట్లోంచి సామాను తీసేయమంది. ఆమె పెట్టె, తాడు చుట్ట తెచ్చి వంటింట్లో పెట్టుకుంది.

యంత్రం పళ్ళు ఇంకా మూతని తాకను కూడా లేదు. పక్కన మట్టి గీరిందంతే. గుంత గోడ లోపలివైపు జారింది. ఇటుకలు, ఆ వెనక పైకప్పు, దానితో పాటు మదార్బీ గది గడపా, పగిలిన బండలూ ఒక్కసారిగా కిందికి దిగిపోయాయి. చప్పుడు పెద్దగా రాలేదు. బరువైనదేదో బురదలో కూర్చున్న చప్పుడు, అంతే. యంత్రం ఆగింది. ఇంజనీరు తలమీది టోపీ తీశాడు. "లోపల ఎవరూ లేరుగా?" అని అడిగాడు ఎవరో. లేరు.

బాబా ఆ గొయ్యి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత వంటింటి కిటికీ వైపు చూశాడు. మదార్బీ కిటికీ ఊచ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఫోను బయటికి తీశాడు. ఫైనల్ ఎగ్జిట్‌ని రద్దు చేయొచ్చని అల్లాబకాష్ చెప్పి ఉన్నాడు. కఫీల్ తలచుకుంటే నిమిషం పనట. బాబా ఫోను తెరిచి, దాన్ని కాసేపు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు.

ఆమె వెళ్ళే రోజు మేడం అత్తరు సీసా, బిడ్డకి ఉన్ని దుప్పటి ఇచ్చింది. కాస్త ఏడ్చింది కూడా. పెట్టె సర్దుతూ మదార్బీ దాని వెనకనుంచి తాడు చుట్ట తీసింది. ఈ ఇంట్లో ఆమె అడక్కుండా తీసుకున్నది అదొక్కటే. దాన్ని పెట్టెలో పెట్టలేదు. చున్నీ కింద పెట్టుకుని పక్క గేటు దగ్గరికి పోయింది.

అల్లాబకాష్ బండి సందు మొదట్లో ఆగి ఉంది. వేరే వీధికి పోతూ, చెప్పిపోదామని ఆగాడు. కొత్త పైపులు సందు పొడుగునా పరిచి ఉన్నాయి. దిగలేదని అతని తాళంచెవి ఎవరూ అడగలేదు. పక్క కాలనీ సంగతి పోలీసుల దాకా పోయిందని ముదీరు నోరు మెదపడం లేదట. ఇంకెన్నాళ్ళో మాత్రం తెలియదు.

"షబానాకు ఆపరేషను చేసినారంట గదక్కా," అన్నాడు.

"తెల్లార్తో. ఆడబిడ్డ." ఆమె చున్నీ కింది తాడు సర్దుకుంది. "నేను పోయేలోపలే వచ్చేసింది. ఇద్దరూ బాగుండారు."

"నా మింద కోపముందా అక్కా? నేను దిగనందుకే నీ పని పాయె."

"నీ మింద నాకేం కోపం. నేనే నీకు అబద్ధం జెప్పినా. గాలి పోతాదని ఎవురూ అనలా."

అతను తల వంచుకున్నాడు. "నాకు తెలుసు అక్కా," అన్నాడు. "ఆ పొద్దే తెలుసు."

ముందు గేటు దగ్గరనుంచి డ్రైవరు హారను కొట్టాడు. దమ్మామ్ విమానాశ్రయానికి పొద్దుపోతోందని. ఆమె చున్నీ కిందనుంచి తాడు తీసి అతని చేతుల్లో పెట్టింది.

"ఇది నీ బండ్లో పెట్టుకో. యాడికి పోయినా, ఎవురన్నా దిగమంటే, నోరు తెరిచి కాదనద్దు. ముందు ఈ కొస వాళ్ళ చేతికియ్యి."

అల్లాబకాష్ తాడు చుట్టని రెండు చేతులా పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత బండి తలుపు తీసి, దాన్ని వెనక పారలూ గొట్టాలూ ఉండే చోట పడేయకుండా, ముందు సీట్లో తన పక్కన పెట్టుకున్నాడు.